కారవాన్ నేలా, మా పక్కింటి అక్కా

అక్క పోయిందని మొన్న పొద్దున ఆవిడ పెద్దకొడుకు ఫోన్ చేసి చెప్పాడు. "చిన్నమ్మా, అమ్మ పోయింది. నిద్రలనే పోయింది, ఏం తక్లీఫ్ పడలే" అన్నాడు. అప్పుడే పొయ్యి మీద పాలు పెట్టాను. ఫోన్ చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోతే పాలు పొంగి మంట ఆరిపోయింది. గ్యాస్ వాసన ముక్కుకి తగిలాక గానీ నాకు తెలివి రాలేదు. అక్క గానీ చూసి ఉంటే నన్ను ఉతికి ఆరేసేది. ఇన్నేళ్ళలో ఎప్పుడు ఫోన్ చేసినా ఆవిడ మొదటి మాట "మంచిగున్నవా" అని కాదు, "గ్యాస్ బంద్ చేసినవా?" అని.

ఆవిడ నాకు తోడబుట్టిన అక్క కాదు. వాళ్ళది కరీంనగర్ వైపు పల్లె, మాది గోదావరి జిల్లా. డెబ్భైలలో ఒమాన్‌లో మస్కట్ నుంచి నిజ్వా వైపు రోడ్డు వేస్తున్న రోజుల్లో మేం పక్కపక్కన ఉన్నాం. కంపెనీ వాళ్ళు క్యాంపు చివర కొన్ని పాత కారవాన్లు తెచ్చి, చక్రాల మీద బరువు పడకుండా సిమెంటు దిమ్మెల మీద నిలబెట్టి, భార్యల్ని తెచ్చుకున్న కొద్దిమందికీ ఇచ్చారు. మావారు సర్వేలో పని. అక్క భర్త స్టోర్ కీపర్, నేను బావగారూ అని పిలిచేదాన్ని. మిగతా క్యాంపంతా మగవాళ్ళే. అందులో చాలామంది అక్క జిల్లా నుంచి కూలి పనికి వచ్చినవాళ్ళు, రూముల్లో కిక్కిరిసి ఉండేవారు. వెళ్ళిన రోజు నేను "అక్కయ్యగారూ" అని పిలిస్తే ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది.

"గారు గీరు అంటే నేను పలుకనే. అక్కా అను, సాలు" అంది.

అక్కకి దేనికి భయం లేదో వెతుక్కోవాలి. చెప్పులు దులిపి, బోర్లించి, మళ్ళీ దులిపి గానీ కాలు పెట్టేది కాదు, తేలు ఉంటుందని. కొండ మీద గుప్పెడు మబ్బు కనిపిస్తే వాదీ, అంటే ఎండిపోయి ఉండే కొండవాగు, పొంగి క్యాంపు కొట్టుకుపోతుందని బట్టలు మూట కట్టేది. గాలి దుమారం లేస్తే కారవాన్ ఎగిరిపోతుందని మంచం కోడు పట్టుకుని కూర్చునేది, తను పట్టుకుంటే అది ఆగుతుందన్నట్టు. క్యాంప్ బాస్ జీపు చప్పుడు వినబడితే ఏ తప్పూ చెయ్యకపోయినా తలుపు వెనక్కి పోయేది. కొత్తలో నేను బాగా ఎగతాళి చేశాను. నెమ్మదిగా తెలిసిందేమిటంటే, ఆ భయాల్లో చాలాభాగం తన గురించి కాదు. సైట్‌కి పోయే కుర్రాళ్ళు తలకేమీ చుట్టుకోకుండా కనిపిస్తే ట్రక్కుకి అడ్డంపడి మరీ అరిచేది, "తువ్వాల కట్టుకోరాదుర, నెత్తి పలుగుతది" అని. వాళ్ళు నవ్వుకుంటూనే కట్టుకునేవారు.

ఏ పని మొదలుపెట్టినా ముందు "భయమైతుంది చెల్లె" అనేది. అని, ఆ పని చేసేది. ఈ రెండో సంగతి గమనించడానికి నాకు చాలాకాలం పట్టింది.

నాకూ ఒక భయం ఉండేది. ఒకే ఒక్కటి. నా మొదటి కాన్పు మా ఊళ్ళో అయింది, మావారు ఒమాన్‌లో ఉండగా. బిడ్డ దక్కలేదు. ఆ కబురు ఆయనకి అందేసరికి ఇక్కడ చెయ్యవలసినవన్నీ అయిపోయాయి. ఆ రోజుల్లో ఇంటినిండా చుట్టాలున్నా నేను ఒక్కదాన్నే ఉన్నట్టుండేది. నాతోపాటు ఏడవవలసిన మనిషి ఎక్కడో కొండల మధ్య రోడ్డు కొలుస్తున్నాడు. అందుకే ఆ తర్వాత పట్టుబట్టి ఆయన వెంట వచ్చేశాను. ఎండైనా సరే, రేకుల పెట్టైనా సరే, మళ్ళీ అలాంటి రోజు వస్తే ఇద్దరం ఒకచోట ఉండాలి. వచ్చిన ఏడాదికి మళ్ళీ నెల తప్పింది. ఆరో నెల వచ్చేటప్పటికి మా కారవాన్ నేల మెత్తబడింది.

మొదట పొయ్యికీ మంచానికీ మధ్య ఒక్కచోట కాలు కొంచెం దిగినట్టు అనిపించింది. తడిసిన అట్ట మీద నడిచినట్టుండేది. పైన ఆకుపచ్చ లినోలియం పరిచి ఉండటంతో కింద ఏం జరుగుతోందో కనబడదు. వారం తిరిగేసరికి మెత్తదనం తలుపుదాకా పాకింది. మావారితో చెబితే "చూద్దాంలే" అన్నారు. ఆయన చూద్దాంలే అన్నవన్నీ చివరికి నేనే చూడటం మాకు పెళ్ళైన దగ్గర్నుంచీ అలవాటు.

ఇంతలో క్యాంపులో ఒక మాట పుట్టింది. అక్కడి ఈద్ పండగ వెళ్ళగానే క్యాంప్ బాస్ కారవాన్లన్నీ తనిఖీ చేస్తాడట. పాడైనవాటిని లాగించి పారేస్తారు. రోడ్డు పని ముందుకు జరుగుతోంది కాబట్టి కొత్తవి తెప్పించరు. అందులో ఉన్న ఆడవాళ్ళని ఇండియా పంపించి, మగవాళ్ళని రూముల్లో సర్దుతారు. రిపేరు చెయ్యమని అడగబోతే అడిగినవాళ్ళ కారవానే ముందు పోతుంది. ఆ మాట విన్నప్పటినుంచీ నాకు అన్నం సహించలేదు. మెత్తనిచోట చాప వేశాను. చాప మీద పీట పెట్టాను. ఇంత చిన్న ఇంట్లో నడిగదిలో పీట ఎందుకని ఎవరైనా అడుగుతారని దాన్ని తీసేశాను. మంచం పట్టె పట్టుకుని అంచుల వెంబడి నడిచేదాన్ని. లోపల బిడ్డ కదిలితే ఒక పక్క సంతోషం, మరో పక్క బెదురు. నన్ను ఒంటరిగా విమానం ఎక్కించి పంపేస్తున్నట్టు పగలే కలలొచ్చేవి.

అక్క దగ్గర దాచడం నావల్ల అవుతుందా? ఎవరింటికి వెళ్ళినా ముందు బొటనవేలితో నేల నొక్కి చూసి అప్పుడు పాదం మోపే మనిషి. తలుపులోనే ఆగిపోయింది.

"ఏందే గిది? లోపటికి పోతున్నది!"

నేను భోరుమన్నాను. మొదటి బిడ్డ సంగతి అంతకుముందు ఆవిడకి చెప్పలేదు. అప్పుడు చెప్పాను. ఆవిడ నా తల తన కడుపుకి ఆనించుకుని వెన్ను నిమిరింది. తర్వాత "భయమైతుంది చెల్లె" అంది. అని బయటికి వెళ్ళిపోయింది.

సాయంత్రానికి మనిషిని కుదిర్చింది. కల్వర్టుల దగ్గర సెంట్రింగ్ పని చేసే వడ్రంగి, వాళ్ళ పక్క ఊరివాడే. వాళ్ళ వైపు వడ్రంగిని వడ్లాయన అంటారు, అక్క వాడిని వడ్ల తమ్ముడు అనేది. సెంట్రింగ్‌కి వాడి పారేసిన ప్లైవుడ్ ముక్కల్లో గట్టివి ఏరి పెడతానన్నాడు. పారేసినవైనా కంపెనీవే కదా, దొంగతనం అంటారేమోనని అక్కకి దడ. బావగారు ఫోర్‌మన్‌ని అడిగి, వంటచెరకుగా తీసుకుపొమ్మని ఆయన నోటితో అన్నాకే ఆవిడ స్థిమితపడింది. తడి తగలకుండా చెక్కకి పూయడానికి, రోడ్డు క్యాంపు కాబట్టి తారుకు లోటు లేదు.

శుక్రవారం సెలవు. మావారికి మాత్రం ఆ రోజు కూడా డ్యూటీ పడింది. క్యాంప్ బాస్ మస్కట్ వెళ్ళాడని తెలుసుకుని, భోజనాలు కాగానే వడ్రంగి పనిముట్లు గోనెసంచిలో చుట్టుకొచ్చాడు. నన్ను మంచం మీద కూర్చోబెట్టి, కాలు కింద పెట్టొద్దని అక్క ఒట్టు వేయించుకుంది. వాడు లినోలియం అంచు పట్టుకుని లేపాడు. కింద చెక్క నల్లగా ఉబ్బిపోయి, పొరలు పొరలుగా విడిపోయి ఉంది. స్క్రూడ్రైవర్ గుచ్చితే పిడిదాకా దిగింది. వాడు ఇంత ముద్ద తీసి వేళ్ళ మధ్య పిండాడు. నీళ్ళు కారాయి.

"ఈ దేశంల వానెక్కడిదక్కా? ఎవలన్న నీళ్ళు పోసి కడుగుతున్నరా ఏంది?"

అక్కా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. కడగడమా! ప్రతి శుక్రవారం బకెట్ల కొద్దీ పోసి, చీపురు పెట్టి బరబరా తోమి, తలుపులోంచి బయటికి నెట్టేవాళ్ళం. ట్యాంకర్ నీళ్ళు కొలత ప్రకారం ఇచ్చే చోట, బియ్యం కడిగిన నీళ్ళూ బట్టలు జాడించిన నీళ్ళూ దాచి మరీ కడిగేవాళ్ళం. పైగా కడగని తక్కిన కారవాన్ల వాళ్ళని చూసి ముక్కు విరిచేవాళ్ళం. నేను వచ్చిన మొదటి శుక్రవారం నా చేతికి చీపురిచ్చి "ఇల్లు కడుగకుంట మనుషులు ఎట్లుంటరే" అన్నది అక్కే. మా అమ్మ ఉన్నా అదే మాట అనేది. ఇల్లు అంటే గచ్చో బండలో అనుకునే బుర్రలు మావి. లినోలియం అతుకుల్లోంచి వారం వారం నీళ్ళు దిగి చెక్క నానిపోతుందని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

"గిది చెక్కనా" అంది అక్క నెమ్మదిగా. "నేలనుకుంటిమి గదనే."

ఆ మాట అన్నాక ఆవిడ కిటికీలోంచి తన కారవాన్ వైపు చూసింది. నేను చూశానని అప్పుడు నాకే తెలియదు.

వడ్రంగి కుళ్ళిందంతా కోసి అవతల పారేశాడు. మంచం మీంచి చూస్తే నా ఇంటి మధ్యలో పెద్ద కంత, కంతలోంచి ఇసుక కనబడుతోంది. కడుపు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను. ఇప్పుడు బాస్ జీపు తిరిగొస్తే పాడైన నేల అనడానికి కూడా లేదు, అసలు నేలే లేదు. కింద అడ్డంగా ఉన్న ఒక దుంగ కూడా పుచ్చిపోయిందని, దానికి జతగా కొత్త దుంగ బిగించాలని, అది పైనుంచి ఒక్కడి వల్ల కాదని వాడు చెప్పాడు. ఎవరైనా కిందికి దూరి ఎత్తి పట్టుకోవాలి. బావగారు భారీ మనిషి, ఆ సందులో పట్టరు. ఇంకెవరిని పిలిచినా సంగతి క్యాంపంతా పాకుతుంది.

అక్క కొంగు నడుముకి బిగించింది. చీపురు తీసుకుని కారవాన్ కింద ముందు నాలుగు బాదులు బాదింది, ఉన్నవేమైనా ఉంటే పొమ్మని.

"అక్కా, వద్దు. తేళ్ళుంటాయి" అన్నాను.

"ఉంటయ్. నాకెరుక" అని వెల్లకిలా పడుకుని లోపలికి జరిగింది.

కంతలోంచి ఆవిడ మొహం కనిపించింది. నుదుటి మీద ఇసుక, కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాయి. రెండు చేతులతో దుంగని పైకెత్తి పట్టుకుంది. వడ్రంగి కొడుతున్నంతసేపూ, వాళ్ళ వైపు దేవుడు రాజన్నని తలుస్తూ, ఆవిడ నోరు ఆగలేదు. "రాజన్నా, రాజన్నా... జల్దీ కొట్టు తమ్మీ... కాలు మీద ఏదో పాకుతున్నది, చెల్లె, చూడకు, నువ్వు చూడకు... కొట్టయ్యా, ఆగినవెందుకు?" నవ్వూ ఏడుపూ కలిసొచ్చి నేను నోట్లో కొంగు కుక్కుకున్నాను. అన్నిటికీ జడిసే ఈ మనిషి, నా మొగుడు పురిటినాటికి నా పక్కన ఉండాలని, అక్కడ పడుకుని దుంగ మోస్తోంది.

దుంగ బిగిసింది. ముక్కలకి అడుగున తారు పూసి పరిచి, స్క్రూలు బిగించి, లినోలియం మళ్ళీ అతికాడు. ఇంకో బెంగ మొదలైంది, ఇల్లంతా తారు కంపు. పని జరిగిందని పది గజాల అవతలే తెలిసిపోతుంది. అక్క వెల్లుల్లీ ఎండుమిరపకాయలూ ఇంగువా వేసి పోపు మీద పోపు పెట్టింది. ఆ సాయంత్రం క్యాంపంతా తుమ్మింది. వెళ్ళేటప్పుడు వడ్రంగిని బయట నిలబెట్టి ఏదో గుసగుసగా అడిగింది. వాడు తల అడ్డంగా ఊపి, వచ్చే వారం అన్నట్టు చెయ్యి చూపించాడు. ఏమిటక్కా అంటే "ఏం లేదు, మంచం కోడు ఊగుతున్నది" అంది.

ఆ వారమంతా ఆవిడ నన్ను తన ఇంట్లోకి రానివ్వలేదు. తలుపు దగ్గర నుంచే గిన్నె అందించి "ఇల్లంత ఆగమున్నది, తర్వాత రా" అనేది. నా గొడవలో నేనున్నాను. నేల మీద రోజుకి ఇరవైసార్లు నడిచి చూసుకోవడమే నాకు పని.

తనిఖీ పండగ తర్వాత కాదు, ముందే వచ్చింది. ఒకరోజు పొద్దున్నే జీపు నేరుగా మా వరసలోకి వచ్చి ఆగింది. క్యాంప్ బాస్, వెనక ఇద్దరు మనుషులు. మావారు సైట్‌లో ఉన్నారు. బాస్ లోపలికొచ్చి బూటు మడమతో మూలమూలా నొక్కాడు. పొయ్యికీ మంచానికీ మధ్య ఆగి, ఒక్క ఉదుటున ఎగిరి దూకాడు. నా గుండె కూడా అతనితో పాటే లేచి పడింది. నేల కదల్లేదు. అతను ముక్కు ఎగబీల్చి ఏమిటీ వాసన అని హిందీలో అడిగాడు. గుమ్మం బయటి నుంచి అక్క "మిర్చీ సాబ్, మిర్చీ" అంది. తలుపు వెనక్కి పోవడం మర్చిపోయి జీపు ఎదురుగా నిలబడి ఉంది. అతను సరేనని తల ఊపి దిగాడు. అక్క నా వైపు చూసి కళ్ళతోనే నవ్వింది.

తర్వాత వాళ్ళది. నేనూ వెనకే వెళ్ళాను. నడిగదిలో పెద్ద ట్రంకు పెట్టె, దాని మీద దుప్పటి పరిచి ఉంది. బాస్ దాన్ని జరపమన్నాడు. అక్క జరపలేదు, ఆ ఇద్దరూ జరిపారు. అతను కాలు మోపాడు. గట్టిగా కూడా కాదు, మామూలుగానే మోపాడు. మడమ లినోలియంతో సహా కిందికి దిగిపోయింది. అతను కాలు లాక్కుని, దులుపుకుని, "ఖలాస్" అన్నాడు. ఆ దేశంలో ఉన్నవాళ్ళెవరికీ ఆ మాటకి అర్థం చెప్పక్కర్లేదు. అయిపోయింది, అంతే.

నాకంటే ముందునుంచే ఆవిడ తన నేల అలాగే కడుగుతోంది. నాది పాడైతే ఆవిడది పాడవదా? ఆ చిన్న ఆలోచన నాకు రాలేదు. గట్టి ముక్కలు ఒక్క ఇంటికే సరిపోయాయని, మిగతావి వచ్చే వారం ఇంకో కల్వర్టు సెంట్రింగ్ ఊడదీశాక తెమ్మందని వడ్రంగి తర్వాత చెప్పాడు. ఆవిడేం త్యాగం చేస్తున్నాననుకోలేదు. ముందు కడుపుతో ఉన్నదాని ఇల్లు, తర్వాత తనది అనుకుంది. టైముంది అనుకుంది. జన్మలో ఒక్కసారి, టైముందిలే అని ధైర్యపడింది.

వెళ్ళే రోజు నేను ఆవిడ చెయ్యి వదల్లేదు. "ఏడువకే, కడుపుతోని ఉన్నోళ్ళు ఏడువద్దు. నా పిల్లలు ఆడ వాళ్ళ అవ్వ దగ్గర ఉన్నరు, వాళ్ళ దగ్గరికే పోతున్న గద" అంది. అది నిజమే. పిల్లల పేరెత్తగానే ఆవిడ మొహం వెలగడం కూడా నిజమే. పికప్ ఎక్కబోతూ బావగారి చొక్కా గుండీ ఒకటి ఊడి ఉంటే, సూదీ దారం ఇమ్మని అడిగి, డ్రైవర్ హారన్ కొడుతున్నా వినకుండా నిలబెట్టి కుట్టింది. అదీ నిజమే. ఆవిడకి ఏది ఎక్కువో నేనెప్పుడూ అడగలేదు. నాకు మాత్రం ఒకటి చెప్పి వెళ్ళింది: "నేల కడుగకు. తడి బట్టతోని తుడువు."

నాకు ఆడపిల్ల పుట్టింది. పిల్ల ఏడుపు విని ఆసుపత్రి వరండాలో మావారూ ఏడ్చారట. లోపలికి వచ్చి నా పక్కన కూర్చున్నప్పుడు ఆయన కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. నేను కోరుకున్నదంతా దక్కింది. బావగారు ఆ తర్వాత చాలా ఏళ్ళు అక్కడే రూములో ఉండి పనిచేశారు, సెలవులకి ఇంటికి పోయి వస్తూ. ఏ సంవత్సరం ఫోన్ చేసినా, ఏ పెళ్ళిలో కలిసినా అక్క ఆ కారవాన్ మాట ఎత్తలేదు. నేనెత్తబోతే "పిల్ల మంచిగున్నదా" అని మాట మార్చేది. ఆవిడకి నేను సరిగ్గా థాంక్స్ కూడా చెప్పలేదు. చెప్పనివ్వలేదు.

ఫోన్ వచ్చినప్పటినుంచీ నా కళ్ళ ముందు ఆడుతున్నది మాత్రం ఆవిడ వెళ్ళిన మర్నాటి సాయంత్రం. మధ్యాహ్నం ట్రాక్టర్ వచ్చి వాళ్ళ కారవాన్‌ని లాక్కుపోయింది. సిమెంటు దిమ్మెలూ, తలుపు ముందుండే ఇనప మెట్టూ మిగిలాయి. బావగారి సామాను పొద్దున్నే రూముకి చేర్చేశారు, ఆయనే మోసుకెళ్ళారు. సైట్ నుంచి ట్రక్కు వచ్చి ఆగింది. అందరూ రూముల వైపు వెళ్ళారు. ఆయన ఒక్కరూ క్యారియర్ చేత్తో పట్టుకుని, తల వంచుకుని, మా వరస వైపు నడిచొచ్చారు. ఆయన రూముకి పంపిద్దామని పళ్ళెంలో అన్నం పెట్టుకుని నేను మా గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆయన ఆ ఇనప మెట్టు దగ్గర ఆగి, బూట్లు విప్పి, ఇసుక దులిపి, లోపలికి మట్టి వెళ్ళకుండా వాటిని పక్కకి పెట్టి, మెట్టు మీద కాలు పెట్టారు.